కదలకుండా నిలబడ్డవాళ్ళు

నేను ఒక సైరన్‌ని. మెల్లగా మాట్లాడటం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తున్నా. చెవులు సున్నితమైనవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను పుట్టిందే అరవడానికి. అలాంటి నన్ను గాజు పెట్టెలో కూర్చోబెట్టి, నోరు మూయించి, పక్కన ఒక చీటీ అతికించారు. "ఫౌండ్రీ సైరన్. కార్మికులను పనికి పిలవడానికి వాడేవారు" అని రాశారు దాని మీద. రోజూ జనం వస్తారు, అది చదువుతారు, ఆహా అని తలూపుతారు, ముందుకెళ్ళిపోతారు. వాళ్ళు తలూపినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పనికి పిలవడానికట. నేను ఏనాడూ ఎవర్నీ పనికి పిలవలేదు. ఆ చాకిరీ చేసింది గేటు దగ్గరుండే గంట. దాన్ని ఎవడో ఇత్తడి ధరకి అమ్ముకున్నాడు. నా పని వేరు, అది చెబుతాను. చెప్పాక కూడా ఆ చీటీ మారదని తెలుసు, అయినా చెబుతాను.

నేను పుట్టింది ఎర్లెన్‌రోడ అనే ఊళ్ళో. తూర్పు జర్మనీ అని ఒక దేశం ఉండేదే, అందులో, సాక్సనీ కొండల కింద. ఊరంతా కలిసి ఒక్క ఫౌండ్రీ, అంటే ఇనుము కరిగించి నీళ్ళ పంపులకి పెంకులు పోతపోసే కార్ఖానా. నన్ను బయట కొనలేదు. నా పైపెంకుని ఆ ఫౌండ్రీలోనే పోసి, లోపల చిల్లుల చక్రం బిగించి, మోటారు తగిలించి, షెడ్డు పైకప్పు కింద వేలాడదీశారు. మోటారు తిరిగితే చక్రం తిరుగుతుంది, చక్రం గాలిని కోస్తుంది, ఆ కోత నా గొంతు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. నేను ఒక్కసారిగా మొదలవలేను, ఒక్కసారిగా ఆగలేను. బటన్ వదిలాక కూడా చక్రం నెమ్మదించేదాకా నా కూత సాగుతూనే ఉంటుంది.

కరిగిన ఇనుము నింపిన గంగాళం ఒకటి ఉండేది, ఒక గదంత పెద్దది. దాన్ని క్రేన్ ఎత్తి, మనుషుల నెత్తుల మీదుగా అచ్చుల దగ్గరికి మోసుకెళ్ళేది. గంగాళం నేల వదిలిందంటే నేను అరవాలి. నేను అరుస్తున్నంతసేపూ కింద ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోవాలి. చేతిలో పార ఉంటే పారతో, నోట్లో రొట్టె ఉంటే రొట్టెతో. ఎందుకంటే క్రేన్ నడిపేవాడు పైనుంచి మనుషులు ఎక్కడున్నారో చూసుకుని దారి ఎంచుకుంటాడు. ఆ తర్వాత ఒక్కడు కదిలినా ఆ దారి తప్పు దారి అయిపోతుంది. నేను చెప్పింది ఒక్కటే మాట: కదలకు, బతుకు. దానికి వీళ్ళు పెట్టిన పేరు పనికి పిలవడం.

హార్ట్‌విగ్ అని కొత్తగా చేరినతను ఒకడు, నేను అరుస్తుండగా కింద పడిన టోపీ కోసం నాలుగడుగులు వేశాడు. ఇంకేం చెప్పను. అతని పక్కనే నిలబడి ఉన్నవాడు ఎకార్ట్. అప్పుడే మీసాలొస్తున్న వయసు, అచ్చులు పోసే పని నేర్చుకుంటున్నాడు. మొత్తం కళ్ళారా చూశాడు. ఆ తర్వాత ఎకార్ట్ నా కూతకి కనురెప్ప కూడా ఆర్పేవాడు కాదు.

నా బటన్ దగ్గరికి గుడ్రున్ వచ్చింది ఆ ప్రమాదం తర్వాతే. మనిషి దిట్టమైనది, నోరు అంతకన్నా దిట్టం. ఒక సిగరెట్టు ఆరకముందే ఇంకొకటి వెలిగించేది. షెడ్డు గోడకి ఎత్తుగా బిగించిన కొయ్య గదిలో కూర్చుని కిందికి చూస్తూ నన్ను అరిపించడం ఆమె ఉద్యోగం. అక్కడ రూలు ఒక్కటే: అనుమానం వస్తే నొక్కు. అనవసరంగా నొక్కితే పని ఆగుతుంది, పై అధికారి చిరాకుపడతాడు, అంతే. నొక్కకపోతే మనిషి పోతాడు. ఒకసారి మేనేజరు పైకెక్కి వచ్చి, నువ్వు మాటిమాటికీ నొక్కుతుంటే ఈ నెల టార్గెట్ ఏమవ్వాలి అని కేకలేశాడు. గుడ్రున్ పొగ వదిలి, "రేపు ఎవడైనా పోతే వాడి పెళ్ళానికి మీ టార్గెట్ తీసుకెళ్ళి చూపించమంటారా?" అంది. అతను మళ్ళీ మెట్లెక్కలేదు.

నా కూత పూర్తిగా ఆగాక గుడ్రున్ కిటికీలోంచి తల బయటపెట్టి, "అందరూ ఉన్నారా?" అని అరిచేది. కింద నుంచి అందరూ కలిసి, "ఉన్నాం" అనేవాళ్ళు. అప్పుడే మళ్ళీ పారలు కదిలేవి. ఇది ఏ కాగితం మీదా లేని పద్ధతి. ఎవరు మొదలుపెట్టారో నాకూ తెలీదు.

తర్వాత దేశాన్ని రెండుగా చీల్చిన గోడ కూలింది, రెండు జర్మనీలు ఒకటయ్యాయి. ఊళ్ళో టపాకాయలు కాల్చారు, నేను కూడా ఆ రోజు సంబరంగా అరిచాను. అంత తెలివితక్కువ అరుపు నా జన్మలో ఇంకొకటి లేదు. ఏడాది తిరక్కుండా సూట్లేసుకున్న పెద్దమనుషులు వచ్చి ఫౌండ్రీని చుట్టూ తిరిగి చూశారు. యంత్రాలు పాతవన్నారు, పంపులు ఎవరు కొంటారన్నారు. ఎవరికో అంటగట్టారు. ఆ కొన్నవాడు పనికొచ్చే యంత్రాలు లారీల మీద పడమటికి తోలుకుపోయి, కొలిమి ఆర్పేశాడు. పొద్దున వెలిగించి సాయంత్రం ఆర్పే పొయ్యి కాదది, తాతల కాలం నుంచి చల్లారని కొలిమి. ఆర్పడానికి ఒక్క సంతకం చాలింది.

దాని మీద కారం చల్లడానికన్నట్టు, పని పోయినవాళ్ళకి ప్రభుత్వం ఒక తాత్కాలికపు పని ఇచ్చింది. ఏమిటది? వాళ్ళ ఫౌండ్రీని వాళ్ళే విప్పడం. ఎకార్ట్ ఇరవై ఏళ్ళు ఏ షెడ్డులో అచ్చులు పోశాడో ఆ షెడ్డునే గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోశాడు. నన్ను కప్పు నుంచి దించింది కూడా అతనే. తుక్కు కుప్ప మీద పడేయాల్సింది పోయి భుజాన వేసుకుని, గోడ అవతల ఉన్న ఫుట్‌బాల్ మైదానానికి మోసుకొచ్చాడు. జనం కూర్చునే స్టాండు కప్పు మీద బిగించాడు. "గోల్ పడినప్పుడు అరుద్దువు గానీ" అన్నాడు నాతో. యంత్రాలతో మాట్లాడే అలవాటు ఫౌండ్రీ వాళ్ళందరికీ ఉంటుంది.

ఆ మైదానం ఫౌండ్రీదే, అక్కడ ఆడే జట్టూ ఫౌండ్రీదే. ఎకార్ట్ దానికి కెప్టెన్, వెనక వరసలో ఆడేవాడు, మహా పొడగరి. పాత పేరు మోటార్ ఎర్లెన్‌రోడ. ఆ పేరు కమ్యూనిస్టు వాసన కొడుతోందని మార్చి ఎఫ్‌సీ ఎర్లెన్‌రోడ అన్నారు. ఏకమైన దేశంలో ఫుట్‌బాల్‌కి మెట్లున్నాయి. పై రెండు మెట్లూ డబ్బున్న క్లబ్బులవి. మూడో మెట్టు మీద ప్రాంతాలవారీగా మాలాంటి క్లబ్బులు కొట్టుకునేవి. శనివారం మధ్యాహ్నం, బురద మైదానం, చేతిలో సాసేజ్, పక్కనున్నవాడి గొడుగు చూరు నీళ్ళు మెడలో. అదే మా లీగు.

నేను చెప్పేది తొంభై మూడు, తొంభై నాలుగు సీజను సంగతి. ఆ ఏడాది అయ్యాక మూడో మెట్టుని తిరగరాస్తామని పైవాళ్ళు ప్రకటించారు. పట్టికలో పైభాగాన నిలిచినవాళ్ళకే కొత్త మూడో మెట్టులో చోటు, మిగతావాళ్ళు కిందికి. మాకు అదొక్కటే అయితే పర్వాలేదు. కొత్త ప్రెసిడెంటు ఇంకో మెలిక పెట్టాడు.

ఆయన పేరు ఫెర్లింగ్. పడమటి నుంచి వచ్చి మా ఊరి చుట్టుపక్కల వంటింటి అల్మారాలు అమ్ముకుంటూ బాగుపడ్డాడు. మనిషి అవతారం సరదాగానే ఉంటుంది, నవ్వుతూ భుజం తడతాడు. మొదటి మీటింగులోనే చెప్పేశాడు: ఫౌండ్రీ స్థలం మొత్తం అమ్మకానికి వస్తోంది, మైదానంతో సహా. జట్టు మూడో మెట్టులో నిలబడితే మైదానాన్ని నేను కౌలుకి తీసుకుంటాను, లేదంటే నన్ను అడగొద్దు, ఫర్నిచర్ బజార్ కట్టేవాళ్ళు క్యూలో ఉన్నారు. ఎకార్ట్ ఆ మీటింగు నుంచి బయటికొచ్చి స్టాండు మెట్ల మీద కూలబడ్డాడు. పక్కన గుడ్రున్ ఉంది.

"ఫౌండ్రీని నా చేత్తోనే కోశాను," అన్నాడు. "ఇదీ పోతే మనం ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఉద్యోగాల ఆఫీసు లైన్లోనే."

"అయితే గెలవండి," అంది గుడ్రున్.

స్టాండు పైన చిన్న కొయ్య గది ఒకటి కట్టి, నన్ను నొక్కే పని మళ్ళీ గుడ్రున్‌కే అప్పజెప్పారు. ఫెర్లింగ్ నాకు తన కంపెనీ పసుపు రంగు పూయించాడు, దాని మీద తన పేరు. ముప్పై ఏళ్ళు మసి పట్టి దర్జాగా ఉన్న నన్ను బాతుపిల్లని చేశాడు. సరే, అది దిగమింగాను.

మొదటి మ్యాచ్‌లోనే ఒక చిత్రం జరిగింది. మా మైక్ గోల్ కొట్టాడు. మైక్ మా ఫార్వర్డు, బక్కపల్చటి మనిషి, వయసులో చిన్నవాడు, ఫౌండ్రీలో అడుగుపెట్టే లోపే అది మూతపడింది. గోల్ కొట్టి చేతులు చాపుకుని మూల జెండా వైపు పరిగెత్తాడు. నేను అరిచాను. మైక్ వెనక్కి తిరిగి చూస్తే ఒక్కడూ రాలేదు. జట్టులో ముప్పాతిక మంది ఫౌండ్రీ వాళ్ళు. ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోయారు, ఒకడు ఒంటికాలు గాల్లో పెట్టి. స్టాండులో కూడా సగం మంది అంతే. నా కూత సన్నగిల్లి పూర్తిగా ఆగాక, గుడ్రున్ అలవాటు కొద్దీ తల బయటపెట్టి "అందరూ ఉన్నారా?" అంది. "ఉన్నాం" అని మైదానమంతా మోగింది. అప్పుడు మొదలైంది సంబరం.

అవతలి జట్టు వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మైక్‌కి తల కొట్టేసినట్టయింది. "ఏంటన్నా మీ చాదస్తం, నేనొక్కణ్ణే పిచ్చోడిలా పరిగెత్తాను" అని ఎకార్ట్ మీద విసుక్కున్నాడు. ఎకార్ట్ నవ్వి వాడి తల నిమిరాడు. ఏం చెబుతాడు, ఒంట్లోకి దిగినదాన్ని? పట్నం పత్రికవాడు బొమ్మల జట్టు అని పేరుపెట్టాడు. ఫెర్లింగ్‌కి అది తెగ నచ్చేసింది, నిలబడిపోయిన వాళ్ళ ఫొటోతో పోస్టర్లు అచ్చేయించి అల్మారాల దుకాణంలో అంటించాడు. చచ్చినవాణ్ణి చూసి నేర్చుకున్న అలవాటు అమ్మకాల బొమ్మ అయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా గోల్ పడుతుంటే అరవకుండా ఉండగలనా?

గుడ్రున్‌కి మాత్రం నిజంగా కష్టమొచ్చింది. రెండో మ్యాచ్‌లో బంతి గోలుకీపరు చేతుల్లో పడకముందే ఆమె చెయ్యి బటన్ మీదికి వెళ్ళింది. నొక్కలేదు, దేవుడు కాపాడాడు. ఆట అయ్యాక ఎకార్ట్ పైకెక్కి వచ్చాడు.

"గుడ్రున్, ఇక్కడ రూలు తిరగబడింది. ఇక్కడ అనుమానం వస్తే నొక్కకూడదు. రెఫరీ గోల్ ఇచ్చి నడి గీత వైపు చెయ్యి చూపించాకే."

"తెలుసులేవోయ్. ఈ చెయ్యికి తెలియొద్దూ?"

"తెలిసేలా చెయ్యి. నువ్వు తప్పు నొక్కితే మేము ఆగిపోతాం, వాళ్ళు ఆగరు."

అప్పటి నుంచి ఆమె ఒక ఉపాయం పట్టింది. ఆట నడుస్తున్నంతసేపూ కుడిచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చునేది. సిగరెట్టు ఎడంచేత్తో. రెఫరీ చెయ్యి చూపించాకే ఆ కుడిచెయ్యి బయటికొచ్చేది. చలికాలం మధ్యాహ్నాల్లో చెయ్యి తిమ్మిరెక్కి విదుల్చుకుంటూ తిట్టేది, నన్నూ, రెఫరీనీ, ఫెర్లింగ్‌నీ కలిపి. అలా ఆఖరి మ్యాచ్ దాకా ఒక్క తప్పు కూత కూయలేదు మేమిద్దరం.

ఆకురాలు కాలంలో బాగా ఆడారు. మైక్ కాలు తగిలిందల్లా గోల్ అయింది. మంచు పడ్డాక జారడం మొదలైంది. వారమంతా గ్యాస్ కట్టర్లు పట్టుకుని ఇనుము కోసి, శనివారం వచ్చి పరిగెత్తమంటే మోకాళ్ళు ఎక్కడివి? ఫిబ్రవరిలో ఒక శనివారం, ఆట మధ్యలో అందరూ ఒక్క క్షణం గోడ వైపు చూశారు. ఫౌండ్రీ పొగగొట్టం కనపడలేదు. ఆ వారమే పడగొట్టారు. పడగొట్టింది వీళ్ళే, అయినా మైదానంలోంచి చూసేసరికి కొత్తగా చూసినట్టు చూశారు. ఆ రోజు ఓడిపోయారు. వసంతంలో మళ్ళీ పుంజుకుని, పడుతూ లేస్తూ, జూన్‌లో చివరి మ్యాచ్ దాకా లాక్కొచ్చారు.

చివరి మ్యాచ్ మా మైదానంలోనే. పట్నం జట్టుతో. లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు: ఓడకుండా ఉంటే చాలు. డ్రా అయినా మూడో మెట్టు మాది, మైదానం మాది. ఓడితే రెండూ పోయాయి. ఎకార్ట్‌కి అదే ఆఖరి ఆట, మోకాలు ఇంక ఒప్పుకోనంది. ఆ సీజనంతా అతను ఒక్క గోలూ కొట్టలేదు. ప్రతి కార్నరుకీ ముందుకు పరిగెత్తుకెళ్ళేవాడు, ప్రతిసారీ కుంటుకుంటూ వెనక్కొచ్చేవాడు. గుడ్రున్ దాని గురించి ఏడిపించేది.

ఊరు ఊరంతా వచ్చింది. స్టాండు సరిపోక గోడెక్కారు. ఫెర్లింగ్ కొత్త సూటులో, పక్కన రేడియోవాణ్ణి పెట్టుకుని ముందు వరసలో. ఆట మొదలైంది. పట్నం వాళ్ళు ఎడాపెడా వచ్చి పడ్డారు. మావాళ్ళు గోడలా ఆపారు. సగం ఆట అయింది, ఎవరికీ గోల్ లేదు. చివరి పావుగంటలోకి వచ్చినా ఎవరికీ లేదు. జనం అరవడం కూడా మానేసి ఊపిరి బిగబట్టారు. గుడ్రున్ చెయ్యి తొడ కిందే ఉంది, సిగరెట్టు చివర వేలికి కాలుతున్నా తెలియలేదు ఆమెకి.

అప్పుడు మాకు కార్నరు దొరికింది. ఎకార్ట్ ముందుకు కదిలాడు. ఉండిపో, వెనకుండు అని కోచ్ అరుస్తూనే ఉన్నాడు. ఆగలేదు. బంతి ఎత్తుగా వచ్చింది, ఎకార్ట్ అందరికన్నా పైకి లేచాడు, తలతో కొట్టాడు. స్టాండు స్టాండంతా లేచింది. గుడ్రున్ కూడా లేచింది. లేచిందంటే, తొడ కింద ఉన్న చెయ్యి బయటికొచ్చింది.

బంతి గోలు అడ్డకర్రకి కింది వైపు తగిలి, గీత మీద పడింది. గీత దాటిందా లేదా? అనుమానం. ఇరవై ఏళ్ళు ఆ చెయ్యి నేర్చుకున్నది ఒక్కటే, అనుమానం వస్తే నొక్కు. నొక్కింది.

నేను అరిచాను.

మావాళ్ళు ఆగిపోయారు. గోలు ముందు ఉన్నవాళ్ళూ, వెనక కాపలా ఉన్నవాళ్ళూ, ఎకార్ట్ కూడా, నేల మీదికి దిగిన మనిషి దిగినట్టే. నిజంగా గోల్ అయి ఉంటే ఏ నష్టమూ లేదు. కానీ బంతి గీత దాటలేదు. పట్నం జట్టు గోలుకీపరు దాన్ని ఒడిసిపట్టి, రెఫరీ వైపు చూశాడు, రెఫరీ విజిల్ ఊదలేదు, అంతే, దూరంగా విసిరేశాడు. గుడ్రున్‌కి ఆ క్షణంలోనే తెలిసింది. బటన్ మీద నుంచి చెయ్యి లాగేసుకుంది. లాగేసుకుంటే ఏం లాభం, నేను ఆగలేనే. నా చక్రం తిరుగుతూనే ఉంది, నా నోట్లోంచి కూత వస్తూనే ఉంది, కింద నా మనుషులు నా మాట వింటూనే ఉన్నారు. మైక్ ఒక్కడే పిచ్చెత్తినవాడిలా వెనక్కి పరిగెత్తాడు. "ఆడండి, ఆట ఆగలేదు, ఆడండి" అని గొంతు చించుకున్నాడు. నా గొంతు ముందు వాడి గొంతెంత.

పట్నం వాళ్ళు నిలబడ్డ మనుషుల మధ్య నుంచి బంతిని తీసుకెళ్ళి గోల్లో పెట్టారు. అప్పటికి గానీ నా కూత ఆగలేదు. ఆ రోజు గుడ్రున్ తల బయటపెట్టలేదు. అందరూ ఉన్నారా అని ఎవరూ అడగలేదు.

మావాళ్ళు రెఫరీని చుట్టుముట్టారు. ఆయన పాపం మర్యాదగానే చెప్పాడు: "నేను విజిల్ ఊదలేదు. ఆ సైరన్ మీది. మీ సైరన్ విని మీరే ఆగిపోతే నేనేం చెయ్యను?" ఆ మాటలో తప్పులేదు. తప్పులేదు కాబట్టే నాకు ఇంకా కోపం. మిగిలిన కాసేపు గుడ్డిగా పరిగెత్తారు, ఏమీ కాలేదు. ఓడిపోయారు.

ఆట ముగిశాక నా కిందనే, స్టాండు ముందు, ఫెర్లింగ్ రేడియోవాడి మైకులో మాట్లాడుతున్నాడు. భుజాలు తట్టే నవ్వు లేదు ఇప్పుడు.

"మీరే చూశారుగా. ఇదే ఈ తూర్పువాళ్ళ జబ్బు. నలభై ఏళ్ళు ఎవడో కదలమంటే కదలడం, ఆగమంటే ఆగడం. సొంత బుర్ర ఉన్నవాడైతే బంతి వెనక పరిగెత్తేవాడు. వీళ్ళని మార్చడం నా వల్ల కాదు."

బురద కాళ్ళతో ఎకార్ట్ అటే వస్తున్నాడు. విన్నాడు. ఆగాడు. నాకున్న గొంతు అతనికుంటే ఆ ఊరి అద్దాలు పగిలేవి. అతను మాత్రం మామూలుగా అన్నాడు.

"ఫెర్లింగ్ గారూ, ఆ కూతకి ఆగినవాళ్ళే మా షెడ్డులో బతికి బయటపడ్డారు. ఆగనివాడి పేరు హార్ట్‌విగ్. టోపీ కోసం వెళ్ళాడు."

ఫెర్లింగ్‌కి అర్థం కాలేదు. రేడియోవాడు మైకు ఆపేశాడు, వాడికి కావలసింది అది కాదు. ఎకార్ట్ లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడు అరవాలనిపించింది నాకు. బుర్ర లేనివాళ్ళట. ఒకరి ప్రాణం కోసం ఇంకొకరు ఊపిరి బిగబట్టి నిలబడటం నేర్చుకున్నవాళ్ళని పట్టుకుని బుర్ర లేదన్నాడు, అల్మారా తలుపులు లెక్కపెట్టుకునే మనిషి. గుడ్రున్ మీద కూడా కోపం వస్తుందేమోనని నాలో నేను వెతికి చూసుకున్నాను. దొరకలేదు. ఆమె అందరూ పోయేదాకా కొయ్య గదిలోనే కూర్చుంది. తర్వాత నా వైరు ప్లగ్గులోంచి పీకి, చుట్టి, నా పక్కన పెట్టి, మెట్లు దిగిపోయింది. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అది చూసి భయమేసింది నాకు.

ఊళ్ళో కొందరు కొంప ముంచింది అన్నారు. బేకరీలో ఆమె వస్తే మాటలు ఆపేసేవాళ్ళు. పక్క ఊరి ఆసుపత్రిలో నేలలు తుడిచే పని చూసుకుని బస్సెక్కి పోయేది, ఎర్లెన్‌రోడలో వీలైనంత తక్కువ కనపడేది. ఎకార్ట్ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాడట, తలుపు తీయలేదట. ఇదంతా నన్ను గోదాములో పడేసినప్పుడు అక్కడికొచ్చేవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. మైదానం మీద ఫర్నిచర్ బజార్ లేచింది. మా గోలు ఉన్నచోట ఇప్పుడు పరుపులు అమ్ముతారు. క్లబ్బు ఇంకో రెండేళ్ళు పక్క ఊరి మైదానం అడుక్కుని ఆడి, ఆ తర్వాత ఆగిపోయింది.

చాలా ఏళ్ళకి, ఫౌండ్రీలో మిగిలిన ఒక్క షెడ్డుని మ్యూజియం చేశారు. దాన్ని నడపడానికి వచ్చినామె పడమటి ఊరి అమ్మాయి, చదువుకున్నది. మంచి పిల్ల, అదే చిక్కు. చెడ్డవాళ్ళ మీదైతే తీరిగ్గా కోప్పడొచ్చు. నా పసుపు రంగు గీకించి, మోటారు బాగు చేయించి, ప్రారంభం రోజు నన్ను అరిపించాలని ముచ్చటపడింది. మేయరు, వైను గ్లాసులు, పూలు. పాత ఫౌండ్రీ వాళ్ళని కూడా పిలిచింది. తలలు నెరిసి, బట్టతలలై, కర్రలు పట్టుకుని వచ్చారు. పొట్ట పెరిగిన మైక్ వచ్చాడు. ఎకార్ట్ వచ్చాడు, వెనక గుడ్రున్. ఈసారి ఎలా తలుపు తీయించాడో తెలీదు. ఆమె గుమ్మం దగ్గరే, బయటికి పారిపోవడానికి వీలుగా నిలబడింది.

"పాత కార్మికుల్లో ఎవరైనా బటన్ నొక్కుతారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఎవరూ కదలలేదు. ఎకార్ట్ వెనక్కి చూశాడు. "అది ఆవిడ నొక్కేది," అన్నాడు.

"నేను నొక్కను," అంది గుడ్రున్.

"నొక్కు, గుడ్రున్."

"నొక్కి మిమ్మల్ని ఒకసారి ముంచాను కదా. చాలదూ?"

"నువ్వెప్పుడూ మమ్మల్ని ఆపడానికే నొక్కావు. మేమెప్పుడూ ఆగాం. ఇందులో ముంచిందెవరు?" అన్నాడు ఎకార్ట్. "రా."

ఆమె వచ్చింది. కుడిచెయ్యి చాపింది. నొక్కింది.

ఎన్నేళ్ళకో నా చక్రం తిరిగింది. మా పాత షెడ్డుకి పక్కదే ఇది, దీని గోడలకి నా గొంతు తెలుసు, వెనక్కి విసిరాయి. మేయరు చెవులు మూసుకుని నవ్వాడు. పూల గుత్తులు పట్టుకున్నవాళ్ళు వెనక్కి వెనక్కి తప్పుకున్నారు. వాళ్ళందరి మధ్యలో అక్కడక్కడా ముసలివాళ్ళు నిలబడిపోయారు. ఒకడి గ్లాసు పెదాల దగ్గరే ఉండిపోయింది. ఒకడి చెయ్యి కోటు జేబులో ఉండిపోయింది. ఎకార్ట్ కనురెప్ప ఆర్పలేదు. ఫౌండ్రీలో ఒక్క రోజు కూడా పని చేయని మైక్, చివరి మ్యాచ్‌లో అందరిలోకీ తనొక్కడే పరిగెత్తిన మైక్, వాళ్ళ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

గుడ్రున్ షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది, పూర్వం చూసినట్టే, ఎవరైనా కదిలారేమోనని. తర్వాత బటన్ వదిలింది. నేను నా పద్ధతిలో, నిదానంగా సన్నగిల్లి సన్నగిల్లి ఆగాను. ఆ ఆఖరి పోగు తెగేదాకా ఒక్కడూ కదలలేదు.

"అందరూ ఉన్నారా?" అంది గుడ్రున్.

"ఉన్నాం," అన్నారు.

అందరూ లేరు, అది వాళ్ళకీ తెలుసు. అయినా అదే జవాబు.

ఆ మ్యూజియం అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. చాలా కదిలిపోయానంది. ఎకార్ట్ ఆమెకి అంతా వివరంగా చెప్పాడు, గంగాళం గురించి, హార్ట్‌విగ్ గురించి. అన్నీ విని తలూపింది. మర్నాడు పొద్దున్నే పనివాళ్ళొచ్చి నా వైరు కోసేశారు, పిల్లలు ఆడుకుంటే ప్రమాదమట. గాజు పెట్టె బిగించారు. చీటీ ముందే అచ్చయి వచ్చేసిందట, అదే అతికించారు. కార్మికులను పనికి పిలవడానికి వాడేవారు.

గుడ్రున్ అప్పుడప్పుడు శనివారం మధ్యాహ్నాలు వస్తుంది. వయసు మీద పడింది, సిగరెట్టు డాక్టరు మాన్పించాడు. మెల్లగా నడిచి నా ముందుకొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చీటీ మొత్తం చదువుతుంది, ప్రతిసారీ మొదటిసారి చదివినట్టే. చదివి, "పనికి పిలిచేదట" అంటుంది నాతో. ఆ తర్వాత ఒక తిట్టు తిడుతుంది, అది ఇక్కడ రాయలేను. నాకు ప్రాణం లేచి వస్తుంది. ఇద్దరం కాసేపు అలా కోపంగా, కదలకుండా నిలబడతాం. తర్వాత ఆమె బస్సుకి టైమవుతుంది.